చూడనట్టు ఉండే కమిటీ

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే అందులో చెట్లకంటే కమిటీలే ఎక్కువ, నాంచారమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఆమెకు లేకలేక పుట్టినవాడు గుండుగాడు. వాడికి తేనె ఒక్కటుంటే చాలు. ఆకు చూపిస్తే ఏడుపు, దుంప చూపిస్తే పరుగు.

తేనె తిని తిని వాడి చిగుళ్ళు వాచాయి. కొంగ వైద్యుడు వాడి నోట్లోకి ముక్కు పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఆకూ దుంపా పడకపోతే వానలు మొదలయ్యేసరికి పళ్ళు ఊడతాయమ్మా. పళ్ళు లేని ఎలుగు ఏం తిని బతుకుతుంది?"

నాంచారమ్మ కొడుకు గడ్డం పట్టుకుని బతిమాలింది. పులి వస్తుందని భయపెట్టింది. ముల్లంగికి తేనె పూసి ఇచ్చింది. వాడు తేనె నాకేసి, ముల్లంగి మళ్ళీ ఆమె చేతికే ఇచ్చాడు. తల్లికి తలప్రాణం తోకకొచ్చింది.

ఒకరోజు విసిగిపోయి, "తింటే తిను, లేకపోతే నీ ఖర్మ!" అని వీపు తిప్పేసి, ముల్లంగి మడిలో కలుపు తీస్తూ కూర్చుంది.

వెనక కరకరమని చప్పుడు! ఓరకంట చూస్తే, పిల్లాడే ఓ ముల్లంగి పీకి, మట్టి పొట్టకు తుడిచి, ఆకుతో సహా నములుతున్నాడు. ఆమె మళ్ళీ కలుపులోకి తల వంచుకుంది. ఆనాటి నుంచి రోజూ అంతే. ఆమె అటు తిరుగుతుంది, వాడు తింటాడు. పదిహేను రోజుల్లో వాపు సగం తగ్గింది.

అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! కానీ నాంచారమ్మ నోట్లో నువ్వుగింజ నానితేనా? వాగు దగ్గర కలిసిన నక్కకు గొప్పగా చెప్పేసింది. ఆ నక్క ఎవరనుకున్నారు, అడవి శిశుపోషణ శాఖ కార్యదర్శి.

"అక్కా, ఇది నీ ఒక్క ఇంట్లో పడి ఉండాల్సిన సంగతా? అడవి మొత్తానికీ ఆదర్శం!" అంది నక్క.

తెల్లారేసరికి మడి చుట్టూ కంచె, కంచెకు బోర్డు. ఏనుగు అధ్యక్షులవారు, అడవిపంది, కుందేలు, కోతి, ఇంకా ఎనిమిదిమంది సభ్యులు బారులు తీరి గుండుగాడి నోటికేసి చూస్తున్నారు. ఎన్నిసార్లు నమిలాడో లెక్కపెట్టడానికి ఓ చిలక కూడా వచ్చింది. అన్ని కళ్ళు చూసి వాడు బెదిరిపోయి తల్లి చంకలో దూరాడు.

"తినడేం?" అంది నక్క.

"మీరు చూస్తున్నారు కదా తమ్ముడూ. చూడకపోతే తింటాడు."

"బాగుంది! చూడకపోతే తిన్నట్టు రుజువేదీ?"

సభ్యులు మధ్యాహ్నం దాకా వాదించుకుని 'చూడనట్టు ఉండే కమిటీ' ఒకటి వేశారు. సభ్యులంతా మడిలోనే, పిల్లాడికి వీపు పెట్టి, ఒకరి మొహం ఒకరికి కనపడకుండా నిలబడాలి. గంట కొట్టేదాకా ఎవరూ తల తిప్పకూడదు. తల్లి కూడా వాగువైపు తిరిగి కూర్చోవాలి.

"నేను ఓరకంట చూసుకుంటానండీ, నా బిడ్డే కదా" అంది నాంచారమ్మ.

"నియమం అందరికీ ఒకటేనమ్మా" అన్నారు అధ్యక్షులవారు.

అందరూ అటు తిరిగారు. కాసేపటికి కరకర వినపడింది. నాంచారమ్మకు ప్రాణం లేచొచ్చింది. కరకర పెరిగింది. కుడివైపు కరకర, ఎడమవైపు కరకర. నా తండ్రే, ఎంత ఆకలి మీదున్నాడో అని మురిసిపోయింది పిచ్చితల్లి.

గంట కొట్టాక తిరిగి చూస్తే మడిలో ఒక్క ముల్లంగి లేదు. గుండుగాడు మాత్రం అంతమంది పెద్దల కాళ్ళ మధ్య దూరే ధైర్యం లేక, కంచె మూల ఉత్తచేతులతో కూర్చుని ఉన్నాడు.

"అమ్మా, ఆకలేస్తోందే" అన్నాడు.

"నాలుగు వందలసార్లు నమిలాడు!" అని చిలక అరిచింది. సభ్యులు చప్పట్లు కొట్టారు. పథకం నూటికి నూరుపాళ్ళూ విజయవంతమైందని రాసుకుని, నక్క గుండుగాడి మెడలో దండ వేసింది.

నాంచారమ్మకు ఒళ్ళు మండిపోయింది. "మావాడు ఒక్క దుంప ముడితే ఒట్టు! మీ మూతులు చూసుకోండి ఒక్కసారి!"

అధ్యక్షులవారు మూతికంటిన ముల్లంగాకును తొండంతో నెమ్మదిగా లోపలికి తోసుకుని అన్నారు.

"నువ్వెలా చెప్పగలవమ్మా? నువ్వూ అటే తిరిగి కూర్చున్నావుగా!"

ఆ మాటకు ఆమె భోరున ఏడ్చింది. మర్నాటి నుంచి అడవిలో ప్రతి మడికీ ఒక కమిటీ వేశారు. వానలు మొదలయ్యేసరికి గుండుగాడికి నాలుగు పళ్ళు ఊడాయి.

ఇందులో నీతి ఏమిటంటారా? ఎవరూ చూడనప్పుడు పిల్లలు తమ వాటా తింటారు, పెద్దలు పిల్లల వాటా తింటారు.