చావు లేని దూడ

పల్నాడు జిల్లాలో ఇకమీదట ఏ దూడా చావదని మంత్రిగారు నరసరావుపేటలో మైకు పట్టుకుని ప్రకటించిన రోజునే, నూజెండ్ల అవతల పల్లెలో లక్ష్మీతిరుపతమ్మ దూడ చచ్చిపోయింది. దూడకు పేపరు చదివే అలవాటు లేదు. ఉండుంటే మంత్రిగారి మాట మీద గౌరవంతో ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టేదే.

దానికి వచ్చింది పారుడు రోగం. లక్ష్మీతిరుపతమ్మ ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వాళ్ళు మొదటి రింగుకే ఎత్తారు, చానా మర్యాదగా మాట్లాడారు కూడా. బండి సిద్ధంగా ఉందన్నారు, డాక్టరూ మందులూ బండిలోనే ఉన్నాయన్నారు. కాకపోతే ఆ బండి మంత్రిగారి సభ దగ్గర మిగతా బండ్లతో వరసలో నిలబడి జెండా ఊపించుకోవాలి, ఊపించుకోకుండా కదిలితే అది ప్రారంభం కాని బండి కిందికొస్తుంది, ప్రారంభం కాని బండిలో వైద్యం చెయ్యటానికి రూల్సు ఒప్పుకోవు. జెండా ఊపేసరికి పొద్దు గుంకింది. దూడ మధ్యాహ్నమే కళ్ళు తేలేసింది.

లక్ష్మీతిరుపతమ్మ ఏడ్చింది. ఏడ్చింది దూడ కోసమే కాదు. మొగుడు యల్లమంద పనిచేసే క్వారీ మూతపడ్డ కాణ్ణించీ ఆ ఇల్లు నిలబడింది ఆ దూడను ఈనిన బర్రె పొదుగు కిందనే. పాలకేంద్రంలో పోసిన పాలతోనే బియ్యం, పిల్లల ఫీజు, యల్లమంద నడుం నొప్పి మాత్రలు. ఆ బర్రె మహా పట్టుదల మనిషి. పక్కన దూడ ఉండాలి, దాన్ని నాకాలి, అప్పుడు గానీ చేపదు, అంటే పొదుగులోకి పాలు దించదు. దించకపోతే నాలుగు పూట్లలో వట్టిపోద్ది. దూడ పోతే పోయింది గానీ పాలు పోతే ఇల్లు పోద్ది.

అందుకని పల్నాడులో పెద్దవాళ్ళు ఎప్పట్నుంచో చేసే పనే చేశారు. తోళ్ళ పని తెలిసిన ముసలి దేవదాసును పిలిపిస్తే ఆయన దూడ తోలు ఒలిచి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల నిండా వరిగడ్డి కూరి, కాళ్ళకు కర్రలు పెట్టి కుట్టిచ్చాడు. దాన్ని బర్రె ముందర నిలబెడితే బర్రె వాసన చూసింది, నాకింది, ధారగా చేపింది. పశువు గదా, ఇట్టే మోసపోయింది అని మనం నవ్వకూడదు. దానికి కనీసం నాలిక్కి ఉప్పన్నా తగిలింది. మనం ఏం తగిలిందని ఓట్లేశామో ఇంతవరకు ఎవరికీ తెలవదు.

ఇట్టా కొన్నాళ్ళు గడిచాక ఓ పొద్దున, పాలు పిండటం అయిన కాసేపటికి, పశుసంవర్ధక శాఖ ఏడీ ఆనంద్ బాబు గారు జీపు దిగారు. ఆనంద్ బాబు గారంటే శాఖలో పేరున్న మనిషి. పైవాళ్ళు ఎంత లక్ష్యం ఇస్తే అంతా సాధించి, పైన ఒకటి కొసరు వేసే రకం. ఆ రోజు నూజెండ్ల హైస్కూలు గ్రౌండులో లేగదూడల మహా ప్రదర్శన. మంత్రిగారు స్వయంగా వస్తున్నారు. ఊరికిన్ని దూడలని లెక్క కట్టారు గానీ, ఈ ఊళ్ళో దూడలు ప్రభుత్వానికి సహకరించలేదు. కొన్ని మేతకు పోయాయి, కొన్ని ఒళ్ళంతా పేడ పూసుకుని కూర్చున్నాయి, ఒకటి ఆనంద్ బాబు గారి ప్యాంటు నమిలింది.

అప్పుడాయన కళ్ళు లక్ష్మీతిరుపతమ్మ కొట్టం మీద పడ్డాయి. అక్కడొక దూడ నిలబడి ఉంది. ఈగ వాలినా తోక ఆడించటం లేదు. ఎంత క్రమశిక్షణ అని ఆయన ముచ్చటపడి, ఫోటో తీసి శాఖవాళ్ళ యాప్‌లోకి ఎక్కించారు. యాప్ వెంటనే పచ్చ టిక్కు పెట్టింది.

లక్ష్మీతిరుపతమ్మ చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

“సారూ, అది చచ్చిపోయిన దూడ.”

ఆనంద్ బాబు గారు ఫోన్ వంక చూసుకున్నారు.

“లేదమ్మా. యాప్‌లో బతికే ఉంది.”

ఆయన వెనకాల నిలబడ్డ నీలిమ, అంటే ఆ ఊరి పశువుల అసిస్టెంటు పిల్ల, గొంతు సవరించుకుని, దూడ పోయిన సంగతి తనకు తెలుసనీ, యాప్‌లో రాద్దామనే కూర్చున్నాననీ, కానీ మంత్రిగారి ప్రకటన అయిన సాయంత్రమే అందులోంచి మృతి అనే గడి తీసేశారనీ మెల్లిగా చెప్పింది. గడే లేనప్పుడు చావెట్టా వస్తుందని ఆనంద్ బాబు గారు ఆ పిల్లను నెమ్మదిగానే మందలించారు. అంటూనే దూడ పొట్ట మీద చెయ్యి వేశారు. కుట్టు కాస్త ఊడి, గుప్పెడు గడ్డి ఆయన చేతిలోకి వచ్చింది. ఆయన గడ్డి వంక చూశారు, టిక్కు వంక చూశారు.

“గడ్డి తినే జంతువు కడుపులో గడ్డి కాక ఇంకేముంటుందమ్మా,” అన్నారు.

శాస్త్రం చదువుకున్న మనిషి గదా. గడ్డిని తిరిగి లోపలికి దోపించి, దూడను ఆటోలోకి ఎక్కించమన్నారు. లక్ష్మీతిరుపతమ్మ దాని మెడలో పలుపు వదల్లేదు. పొద్దు గుంకేలోపు పాలు తియ్యాలని, ఇది లేకపోతే బర్రె చేపదని, వట్టిపోతే తాము వీధిన పడతామని మొత్తుకుంది. సాయంత్రం పాలవేళకు దూడను ఇంటి ముందర దించే పూచీ తనదని, ఇది ప్రభుత్వం మాటని ఆనంద్ బాబు గారు చెప్పారు. ప్రభుత్వం మాట అనేసరికి ఆవిడ భయం ఇంకాస్త పెరిగింది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట ఎవడో, వీళ్ళు ఈనిన బర్రె దగ్గర్నుంచే దూడను ఊడబీక్కుపోతన్నారే అని యల్లమంద అరుగు మీంచి గొణిగాడు. ఇంక లాభం లేదని ఆవిడ పలుపు విప్పి గుంజకే వదిలి, తనూ ఆటో ఎక్కి, దూడను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

హైస్కూలు గ్రౌండులో ఎర్ర తివాచీ పరిచారు. దానిమీద బతికున్న దూడలు ఎంత అనాగరికంగా ప్రవర్తించాయో చెప్పటానికి నోరు రావటం లేదు. ఒకటి తివాచీ మీదనే తోకెత్తింది. ఒకటి ఫ్లెక్సీలో మంత్రిగారి చెవి కొరికింది. ఇంకొకటి తల్లి కోసం అరిచిన అరుపుకు ప్రార్థనాగీతం పాడే పిల్లలు భయపడి చరణం మర్చిపోయారు. వీటన్నిటి మధ్య లక్ష్మీతిరుపతమ్మ దూడ ఒక్కటే, నాలుగు కాళ్ళూ సమానంగా మోపి, వేదిక వంకే చూస్తూ నిలబడింది.

న్యాయనిర్ణేతలుగా వచ్చిన డాక్టర్లు దాని చుట్టూ తిరిగారు. ముక్కు కారటం లేదు, పేలు లేవు, పిడుదులు లేవు, పేడ శుభ్రంగా ఉంది, అంటే అసలు లేదు. ఒక కుర్ర డాక్టరు మాత్రం గుండె దగ్గర గొట్టం పెట్టి, మళ్ళీ పెట్టి, మొహం తెల్లబెట్టుకుని ఆనంద్ బాబు గారి వంక చూశాడు. చాలా ప్రశాంతంగా ఉంది గదా అన్నారు ఆనంద్ బాబు గారు. చాలా ప్రశాంతంగా ఉంది సార్ అని కుర్రాడు రాసుకున్నాడు. ప్రథమ బహుమతి దానికే వచ్చింది.

మంత్రిగారికి ఆ దూడ మీద ఎక్కడ లేని వాత్సల్యం పుట్టింది. దాన్ని వేదిక మీదికి ఎక్కించుకుని, ఒక చెయ్యి దాని మెడ చుట్టూ వేసుకునే ఉపన్యాసం మొత్తం ఇచ్చారు. చెమట పట్టినప్పుడల్లా కండువాతో తను తుడుచుకుని, దాన్నీ తుడిచారు. పాలు దించటానికి దొంగ ఇంజెక్షన్లు చేసేవాళ్ళను జైల్లో వేయిస్తామన్నారు. పాతికేళ్ళ రాజకీయ జీవితంలో తన ప్రసంగాన్ని ఇంత శ్రద్ధగా విన్న ప్రాణిని ఇప్పుడే చూస్తున్నానని గద్గదంగా చెప్పారు. తర్వాత తన చేత్తో నట్టల మందు పట్టారు. మందు నోట్లోంచి పోయి పొట్ట కుట్టులోంచి తివాచీ మీదికి కారింది. మందు ఎంత తొందరగా పనిచేస్తోందో చూడండని ఆనంద్ బాబు గారు మైకులో చెబితే జనం చప్పట్లు కొట్టారు.

ఎండ వాలుతోంది. లక్ష్మీతిరుపతమ్మ ఒక కంట పొద్దును, ఒక కంట దూడను చూసుకుంటూ వేదిక మెట్ల దగ్గరే నిలబడింది. ఇంక ఇచ్చేస్తారనుకునేంతలో మంత్రిగారు ఈ దూడను రాష్ట్రస్థాయి పోటీలకు పంపుతున్నట్టు ప్రకటించారు. ఎంట్రీలు ఈ రోజుతో ఆఖరట. మాట పూర్తికాకముందే దూడను పూలదండతో సహా వ్యానెక్కించారు. ఆవిడ లబలబలాడుతూ వ్యాను వెంట పరిగెత్తబోతే ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చి శాలువా కప్పారు. అవి ఆనందబాష్పాలని ఆనంద్ బాబు గారు మైకులో వివరించారు.

అంతలో మంత్రిగారి పీఏకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఛాంపియన్ దూడను కన్న తల్లి ఇంటికే మంత్రిగారు వెళ్ళి, తన చేత్తో పాలు పిండితే, అది లైవులో వస్తే ఎట్టా ఉంటుందని. వెంటనే కాన్వాయ్ పల్లె దారి పట్టింది. లక్ష్మీతిరుపతమ్మను ముందు కారులో ఏసీ వేసి కూర్చోబెట్టారు. ఊరి మొగదలకే బర్రె అరుపు వినపడింది. పొదుగు బిగబట్టి, పొద్దున్నుంచి కనపడని బిడ్డ కోసం అది గుంజ చుట్టూ తిరుగుతోంది. కారు ఆగీ ఆగకముందే ఆవిడ తలుపు తోసుకుని కొట్టం వైపు పరిగెత్తింది.

మంత్రిగారు చొక్కా చేతులు మడిచి, తపేళా పట్టుకుని, గొంతుక్కూర్చున్నారు. కెమెరాలు వెలిగాయి. ఆయన లాగారు. చుక్క రాలేదు. మళ్ళీ లాగారు. బర్రె కాలెత్తి తపేళాను కొట్టం అవతలికి పంపింది. ఆనంద్ బాబు గారు నీలిమ చెవిలో ఇంజెక్షన్ ఏదన్నా ఉందా అన్నారు. ఆ ఇంజెక్షన్ చేసేవాళ్ళను జైల్లో వేయిస్తామని మంత్రిగారు మధ్యాహ్నమే చెప్పారు గదా సార్ అని నీలిమ అంతే మెల్లిగా గుర్తుచేసింది. లైవు నడుస్తూనే ఉంది. మంత్రిగారు నవ్వు చెదరనియ్యకుండా లేచి, ఏం చెయ్యాలో తోచక బర్రె మొహం ముందుకొచ్చి నిలబడ్డారు.

బర్రె అరుపు ఆపింది. ముట్టె చాచి మంత్రిగారి కండువా వాసన చూసింది. మెడ దగ్గర చూసింది, చంక దగ్గర చూసింది. నాలిక బయటపెట్టి ఆయన మోచేతి నుంచి భుజం దాకా ఒక్క నాకు నాకింది.

“కదలొద్దు సార్, లైవు,” అన్నాడు పీఏ.

మంత్రిగారు కదల్లేదు. రెండు కాళ్ళూ సమానంగా మోపి, కెమెరా వంకే చూస్తూ నిలబడ్డారు. బర్రె చెంప నాకింది, చెవి నాకింది, దువ్విన జుట్టంతా నున్నగా నాకింది. నాకుతూ నాకుతూ కళ్ళు అరమోడ్చింది. అది చూసి లక్ష్మీతిరుపతమ్మకు సంగతి అర్థమైంది. ఎగిరిపడ్డ తపేళా తెచ్చుకుని, శాలువా పక్కన పడేసి, పొదుగు కింద కూర్చుంది. ధార తపేళాలో చుయ్యిమని మోగింది. అది నిండితే యల్లమంద చెంబిచ్చాడు. దూడ బతికున్నప్పుడు కూడా బర్రె ఇంత తృప్తిగా చేపలేదు.

జనం చప్పట్లు కొట్టారు. ఆనంద్ బాబు గారు కళ్ళు తుడుచుకున్నారు. మంత్రిగారు మొహం మీద చొంగ కారుతుండగానే, చానా ఉదారంగా, లక్ష్మీతిరుపతమ్మ వైపు తిరిగారు.

“ఏం కావాలో అడగమ్మా. ప్రభుత్వం నీ వెనకే ఉంది.”

ఇల్లడుగుతుందని పీఏ, పింఛను అడుగుతుందని ఆనంద్ బాబు గారు అనుకున్నారు. ఆవిడ నూజెండ్ల రోడ్డు వంక ఒకసారి చూసింది. దూడ ఎక్కిన వ్యాను ఈ పాటికి వినుకొండ దాటి ఉంటుంది. తర్వాత బర్రె వంక చూసింది. అది ఇంకా మంత్రిగారి కండువా కొసను వదల్లేదు.

“దూడను మీరే ఉంచుకోండి మంత్రిగారూ,” అంది లక్ష్మీతిరుపతమ్మ చేతులు జోడించి. “బర్రె పాలు మానేదాకా మీరు ఈ గుంజ కాడ నిలబడండి, చాలు.”

యల్లమంద అప్పటికే దూడ పలుపు తీసుకొచ్చి పక్కన నిలబడ్డాడు.