నడిచొచ్చిన మూడో వేరు

దంతవైద్య కళాశాలలో పాఠాలు చెప్పడానికి చేరి ఏడాదైనా ఆవిడ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇవాళ ప్రిన్సిపాల్‌గారు వెనక వరసలో కూర్చుని పాఠం వింటారు. ఖాయం చెయ్యాలో వద్దో ఆ తరవాత చెబుతారు. పాఠం దవడపళ్ళ వేర్లు. కింది దవడపన్నుకి మామూలుగా రెండే వేర్లు. ఎక్కడో ఏ ఒక్కదానికో మూడుంటాయి. నానా తంటాలు పడి సంపాదించిన అలాంటి పన్నునొకదాన్ని వంటింటి గట్టు మీద సీసాలో పెట్టి, ఆవిడ స్నానానికి వెళ్ళింది.

వచ్చేసరికి పతిదేవుడు గట్టు తుడిచి, సీసా కడిగి, మెప్పు కోసం నిలబడి ఉన్నాడు.

"పన్ను కూడా తోమేశా. అడుగున ఏదో వంకర ముక్క అడ్డంగా ఉంటే పటకారుతో విరిచేశా. ఇప్పుడు చూడు, ఎంత పొందిగ్గా ఉందో!"

"అదేనండీ మూడో వేరు!"

"అయ్యో, ముందే చెప్పద్దూ? ఉండు, అతికించేస్తా."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఆవిడ తయారై వచ్చేలోగా వేరు పన్నుకీ, పన్ను అతని బొటనవేలికీ అతుక్కుపోయాయి. వేడినీళ్ళకీ నూనెకీ సబ్బుకీ ఆ జిగురు లొంగలేదు.

"చొక్కా మార్చుకోండి."

"నేనెందుకూ?"

"పన్ను వస్తోందిగా. దాంతోపాటే మీరూ."

క్లాసులో అతను బొటనవేలు పైకెత్తి నిలబడ్డాడు. ముందు వరస అమ్మాయి లేచింది.

"మేడమ్, మూడో వేరు పైకి చూస్తోందేంటి?"

తలకిందులుగా అతికించాడు మహానుభావుడు. క్లాసంతా ఘొల్లుమంది. ప్రిన్సిపాల్ గడియారం చూసుకున్నారు.

ఆవిడ మాత్రం ఎటూ చూడలేదు. భర్త చెయ్యి పట్టుకుని పక్కగదిలో పళ్ళు చూసే కుర్చీ వైపు లాక్కెళ్ళింది. వెనకే క్లాసు మొత్తం. ఏళ్ళ తరబడి ఒక పక్కనే నములుతూ, "నా పళ్ళకేం, గుండ్రాళ్ళు" అంటూ ఆ కుర్చీని తప్పించుకు తిరుగుతున్న మనిషి అతను.

"పాఠం ఆగదు. మూడు వేర్లది లేకపోతే మానె, అందరికీ ఉండే రెండు వేర్లదైనా చూపిస్తాను. నోరు తెరవండి."

"ఏమోయ్, నేనేదో సాయానికొస్తే..."

"సాయమే చేస్తున్నారు. తెరవండి."

ఎక్స్‌రే తెర మీద పడింది. ముందు వరస అమ్మాయే లెక్కపెట్టింది. "ఒకటి, రెండు... మేడమ్, మూడు!"

ప్రిన్సిపాల్ పిల్లల్ని తోసుకుంటూ ముందుకొచ్చారు. "ఎక్కడ పట్టారమ్మా దీన్ని?"

"ఇంట్లోనే ఉందండీ. ఇన్నాళ్ళూ నోరు తెరవలేదు."

కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. ఆవిడకి నడిచొచ్చే పన్నే దొరికింది. ఉద్యోగం ఖాయమని ప్రిన్సిపాల్ అక్కడికక్కడే చెప్పేశారు. ఆవిడ ఆ పన్నుని వంగి వంగి చూసి మురిసిపోయింది. పెళ్ళయ్యాక తనని ఇంత మురిపెంగా చూడటం ఇదే మొదటిసారని అతను అందామనుకున్నాడు గానీ, నోట్లో ఆవిడ పెట్టిన అద్దం ఉంది.