నలభై లక్షల శిష్యుల మాస్టారు

మా ఊరి బడిలో లెక్కలు చెప్పే పెంగెల్లీ మాస్టారికి ఇంటర్నెట్‌లో నలభై లక్షల మంది అభిమానులు ఏర్పడ్డారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. తరగతిలో ఉన్నవాళ్లు ఇరవై ఆరుగురే కనుక వాళ్లను లెక్కలోకి తీసుకోలేదు.

ఆయన ఒకప్పుడు బ్రిటన్ తరఫున పడవ పందేల్లో తెడ్డు వేసినవాడు. నాలుగో స్థానం వచ్చింది. దానికి పతకం ఇవ్వరు గనుక పదకొండేళ్లుగా ఇక్కడ ఇంగ్లండులో సెవర్న్ నది ఒడ్డున మా పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, ఎవరికీ పట్టకుండా సుఖంగా బతికాడు. మొన్న జనవరిలో పాత తెడ్డొకటి తరగతికి తెచ్చి, చొక్కా చేతులు మడిచి, పిడి వైపు ఎంత పొడవు, నీటి వైపు ఎంత పొడవు అంటూ నిష్పత్తి వివరించాడు. ఎవరో ఫోన్‌లో తీశారు. వీడియో నిమిషం. అసలు సంగతి చివరి పది సెకన్లలో ఉంది. అందరూ ఆయన కండల దగ్గరే ఆగిపోవడంతో అంతదాకా ఎవరూ వెళ్లలేదు.

బడి పాలకమండలి అత్యవసరంగా సమావేశమైంది. తల్లిదండ్రుల తరఫు సభ్యుణ్ణి నేను. హెడ్మిస్ట్రెస్ మిసెస్ బ్రాక్‌బ్యాంక్ లేచి, “ఇంతటి మనిషిని ఒక్క గదికి పరిమితం చేస్తే ప్రపంచం మనల్ని క్షమిస్తుందా? ఇకమీదట ఆయన వీడియోలకే. పిల్లలకు ఆ వీడియోలే వేద్దాం!” అన్నారు.

పెంగెల్లీ గొంతు సవరించుకున్నాడు. “ఎవరికీ ఇబ్బంది కాదనుకుంటే... మే నెలలో పరీక్షలు కదండీ. నేను పిల్లల దగ్గరుంటే కాస్త బావుంటుందేమో.”

మా ఇంగ్లీషువాళ్లలో ఒక మనిషి అంతమాట అన్నాడంటే గుండెలు బాదుకుంటున్నట్టే. అక్కడున్న తొమ్మిదిమందికీ ఆ సంగతి తెలుసు. అయితే ఎదుటివాడు అలా బయటపడినప్పుడు చూడనట్టు ఊరుకోవడం మా మర్యాద. అందరం బిస్కట్ల పళ్లెం వైపు చూశాం. ‘మాస్టారు హర్షం వెలిబుచ్చారు’ అని సమావేశం పుస్తకంలో రాసుకున్నారు. మా అమ్మాయి టెస్సా ఆ తరగతిలోనే ఉంది. లెక్కలు గట్టెక్కితేనే నర్సు చదువు. అది గుర్తొచ్చింది. ఈలోగా టీ వచ్చింది. నేనూ సరేనంటూ చెయ్యెత్తాను.

ఫిబ్రవరిలో మాస్టారు ఓట్స్ జావ తాగుతుండగా తీశారు. మార్చిలో వానలో నిలబెట్టారు. బ్రెజిల్ నుంచి నలుగురు పెళ్లి చేసుకుంటామని ఉత్తరాలు రాస్తే, ఆఫీసువాళ్లు బడి సెలవుల జాబితా పంపారు. తరగతిలో తెర మీది మాస్టారిని సందేహం అడుగుదామని లేచిన టెస్సాను, వీడియోకు అడ్డొస్తున్నావని కూర్చోబెట్టారు.

ఆగస్టులో ఫలితాలొచ్చాయి. పంతొమ్మిది మంది తప్పారు. టెస్సా కూడా.

“నలభై లక్షల మందిలో పంతొమ్మిది మందే తప్పారంటే, మనకొచ్చినంత గొప్ప ఫలితం దేశంలో ఇంకెవరికీ రాలేదు!” అన్నారు హెడ్మిస్ట్రెస్. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ శనివారం పెంగెల్లీ తెడ్డు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. “ఏమీ అనుకోకపోతే... నవంబరులో మళ్లీ పరీక్ష ఉంది కదా” అన్నాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని మొదలుపెట్టాడు. కాసేపటికి టెస్సా మొహం వెలిగింది. “ఓస్, ఇంతేనా మాస్టారూ!” అంది. చెప్పొద్దూ, నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెంటనే ఫోన్ తీశాను.

“నాన్నా, అది కింద పెట్టు” అంది టెస్సా.

పెట్టలేదు. సాయంత్రానికి మూడు వేలమంది చూశారు. మీరూ చూసే ఉంటారు. ఆయన ఏం చెప్పాడో మీలో ఎవరైనా విని ఉంటే దయచేసి తెలియజేయగలరు. టెస్సాను అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు.