మా మడిలో కూర్చున్న ఓపిక

ఏలేవాడికి ఓపిక ఉండాలి. ఓపిక లేనివాడు దొరికాడా, ప్రజల గతి అధోగతే! నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

అవతలి లోయలోకి ఒక తొందరపాటు ప్రభువు వచ్చి, ఒక్క పూటలో కోటను కాల్చి వెళ్ళిపోయాడట. మర్యాద తెలియని మనిషి! మా నగమినె ప్రభువు అలాంటివాడు కాదు. దేశంలోని అరవై చిల్లర రాజ్యాలనూ ఒక్క గొడుగు కిందికి తేవాలన్నది ఆయన కోరిక. దానికి అడ్డంగా ఉన్నది మా కొండమీది కోట. లోపలివాళ్ళ తిండి అయిపోయేదాకా కదలకుండా కూర్చుంటానన్నాడు. కూర్చున్నాడు. ఎక్కడనుకున్నారు? నా వరిమడిలో!

రెండేళ్ళు దాటిపోయాయండీ! నా నారుమడిని చదును చేయించి, టీ తాగడానికి ముచ్చటైన గుడిసె వేయించుకున్నాడు. కోటలోని ఇసెబె ప్రభువుకూ అదే కోరిక, అంతే ఓపిక. ఆయన పైనుంచి చూస్తాడు, ఈయన కిందినుంచి చూస్తాడు. ఇద్దరు మహానుభావుల మధ్య బతికే అదృష్టం ఎందరికి దక్కుతుంది?

నా భార్య ఒషిమకు మాత్రం ఈ గొప్పతనం తలకెక్కలేదు. మొదటి వసంతంలోనే కాపలా సమురాయి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"దొరా, నారు పోసే అదను దాటిపోతోంది. మడి ఎప్పుడు వదుల్తారు?"

"ఓపిక పట్టమ్మా. మా ప్రభువును చూసి నేర్చుకో."

"ఆయనకేం దొరా, కూర్చున్నచోటికే వడ్డించి తెస్తారు. మా కడుపులకెవరు నేర్పుతారు?"

నేనే చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను. రెండో వసంతంలోనూ ఇదే వరస. చలికాలానికి జొన్నలు కూడా అయిపోయి, అడవి దుంపలు తవ్వుకుని తిన్నాం. ఒకరోజు ఆకలికి ఆగలేక, దూలానికి కట్టిన విత్తన వడ్ల మూట వైపు చూశాను.

"దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను! ఏనాటికైనా మడి మనకొస్తుంది. ఆ రోజు విత్తనం లేకపోతే మడి ఎందుకు, మనల్ని పాతిపెట్టడానికా?" అంది ఒషిమ.

మూడో వసంతంలో కోట తలుపులు తెరుచుకున్నాయి. ఇసెబె ప్రభువు దిగివచ్చి తలవంచాడు. ఒక్క ఇల్లయినా కాలకుండా గెలిచినందుకు నగమినె ప్రభువు ఓపికను అందరూ పొగిడారు. ఆ మధ్యాహ్నమే ఆయన డేరాలు ఎత్తించి, పక్క రాజ్యంలో ఓపిక పట్టడానికి బయల్దేరాడు. నా మడి నాకొచ్చింది!

ఒషిమ అప్పటికప్పుడే మూట దించింది. వడ్లు వాగులో నానేసింది, మొలకెత్తడానికి గడ్డి కప్పి మండె కట్టింది. ఈసారి కూర్చోవడం మా వంతు. పది రోజులు కూర్చున్నాం.

ఒక్క మొలక రాలేదు. వయసు మీరిన విత్తనం మూటలోనే చచ్చిపోయింది. ఇందులో ప్రభువు తప్పేముంది? ఓపిక లేనిది వడ్లకు!

ఒషిమ వాకిట్లో కూర్చుని ఒక్కో గింజనూ గోటితో చీల్చి చూస్తోంది. ఓపిక పట్టమని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.