సరి, పద

దయ్యాలంటే నాకు లెక్కలేదు. చిన్నప్పుడు ఒక దయ్యం నన్ను చూసి, చెట్టు దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. కావాలంటే దాన్నే అడగండి. కనుక మా పక్కింటి సంగతి నాలాంటి గుండెగలవాడే చెప్పాలి.

ఆ ఇంటి మేడమీద సంగీతాలబ్బాయీ, అతని భార్యా అద్దెకుంటారు. కింద ఇంటావిడ. ఆవిడకు చప్పుడంటే గిట్టదు. "ఇంకొక్కసారి పైనుంచి కుయ్‌మన్నా కయ్‌మన్నా ఆ పూటే గది ఖాళీ!" అని ముందురోజే తేల్చేసింది. వాయించేవాడికి ఇంకెవరిస్తారు గది?

ఆ పొద్దున అతని పథకం చిన్నదే. కొత్తగా తెచ్చుకున్న కంట్రోలరు అనే వాయిద్యపు పలకకు సాయంత్రం కచేరీలోగా వేళ్ళను అలవాటు చేయాలి, చప్పుడు కాకుండా. దానిమీద తెల్లమీటలూ నల్లమీటలూ లేవు. తేనెపట్టులా ఆరు మూలల గడులు. స, రి, గ కింది వరుసలో బుద్ధిగా కూర్చుంటే, మ, ప, ద, ని వాటి నెత్తినెక్కి కూర్చున్నాయి. వేలు కాస్త పక్కకు జారిందా, ద తర్వాత రి వస్తుంది, రి తర్వాత ప వస్తుంది. దానికి సొంత గొంతు లేదు. వేలు పడిన కబురు కంప్యూటరుకు మోస్తుంది, పలికేది కంప్యూటరే. ఏ గడి ఏదో గుర్తుండాలని, నొక్కగానే స్వరం పేరు వినపడేలా ఏడక్షరాలనూ తన గొంతుతోనే రికార్డు చేసుకున్నాడు. అప్పుడతనికి జలుబు. గొంతు గోతిలోంచి వచ్చినట్టుంది.

హెడ్‌ఫోన్లు తగిలించుకుని నొక్కాడు. ఏమీ వినపడలేదు.

"ఇది పలకట్లేదే."

"పలక్కపోతే మరీ మంచిది. వేళ్ళకు తెలిస్తే చాలుగా, కానివ్వు," అంది భార్య.

పలకకేం! కింద ఇంటావిడ ముందుగదిలో గోడకు స్పీకరుంది. మొన్న దాన్ని బిగించి, తన కంప్యూటరుతో కలిపి సరిచూసి ఇచ్చింది ఇతనే. కరెంటుంది, స్పీకరు వెలుగుతోంది; కంప్యూటరు పాత చుట్టరికం మరవక, వైరు లేకుండానే దాన్ని పట్టుకుంది.

బయట మబ్బు కమ్మి ఇల్లంతా మసకగా ఉంది. ఇంటావిడ పొయ్యిమీద పాలు పెట్టింది. ఎవరూ లేని ముందుగదిలోంచి ఒక బొంగురు గొంతు, ఆగి ఆగి:

"నీ... దా... రి..."

చేతిలో గరిటె జారింది. ఆ గొంతు ఆవిడకు తెలుసు. పోయిన పెనిమిటి బస్సు డ్రైవరు. పొగకు గొంతు బొంగురుపోయిన మనిషి. ఎక్కడికి బయలుదేరినా ఆయనది ఒకటే మాట.

"స... రి... ప... ద..."

"ఏమండీ, నన్నేనా?" అంది ఆవిడ గుమ్మం పట్టుకుని. "పొయ్యిమీద పాలున్నాయండీ. కాస్త పొంగనివ్వండి."

"స... రి..."

బతికుండగా ఆయన ఇంత తొందరగా దేనికీ ఒప్పుకోలేదు. ఆవిడకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. కిటికీలోంచి పక్కింటి కుట్టుమిషనావిణ్ణి కేకేసింది.

"వదినా! మీ అన్నయ్య వచ్చారు, నన్ను తీసుకెళ్ళడానికి!"

"ఏ అన్నయ్య?"

"నాకు ఎంతమంది మొగుళ్ళున్నారే, ఏ అన్నయ్య అంటావు!"

మిషనావిడ మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనక నేనూ వెళ్ళాను. మేం లోపలికి అడుగు పెట్టామో లేదో, "ప... ద..." అంది గోడ, సరిగ్గా నావైపు. అంత మర్యాదగా చెప్పాక నిలబడటం బాగుండదని ప్రహరీ దూకేశాను. గుండె గురించి మొదట్లో చెప్పింది మరిచిపోండి. మిగతాది గోడ అవతలినుంచి చూశాను.

ఇంటావిడ మంచి చీర కట్టుకుంది. సంచిలో కళ్ళజోడూ, దుప్పటీ పెట్టుకుంది.

"అక్కడికి సంచులు రానివ్వరేమో వదినా," అంది మిషనావిడ.

"ఆయన బస్సులో నా సంచి ఎప్పుడాగింది?"

గడప దాటబోతుంటే వెనకనుంచి, ఈసారి ఆగకుండా, స్పష్టంగా వినపడింది: "తలుపు వేసి రా."

మిషనావిడ విన్నది. నేనూ విన్నాను.

అంతలో మేడమీది పిల్ల మెట్లమీంచి ఈ సంచీ వాలకం చూసి, సంగతి పోల్చుకుని, మొగుణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"పిన్నిగారూ, క్షమించండి. అది నా గొంతండీ," అని అతను వెంట తెచ్చిన కంట్రోలరూ, కంప్యూటరూ కింద పెట్టి, అందరి ముందూ గడులు నొక్కి చూపించాడు. "నీ... దా... రి..." అంది గోడ.

ఇంటావిడ ముఖం ముందు పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది. సంచి కింద పెట్టింది. "అయితే గది..." అని మొదలెట్టి, ఆగింది.

"అబ్బాయ్, ఏడక్షరాలేనా నువ్వు ఎక్కించింది?"

"ఏడేనండీ."

"మరి 'తలుపు వేసి రా' అన్నదెవరు?"

అతను గడులన్నీ వెతికాడు. త లేదు. లు లేదు. వేలు గాల్లోనే ఆగిపోయింది.

"పిన్నిగారూ, మీరు చెప్పక్కర్లేదు. గది మేమే ఖాళీ చేస్తాం. ఇప్పుడే."

ఇంటావిడ తలుపు మూసి గడియ పెట్టింది. "ఎక్కడికి పోతావు? కూర్చో. ఆయన్ని అడగాల్సినవి చాలా ఉన్నాయి. వాయించు."

పాపం, వాళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్కే, కరెంటుందన్నది. ఆ పొద్దున కరెంటు లేదు.