గుండె మీద పులి, గోల్ ముందు గుంట

ఫుట్‌బాల్ ఆడటానికి బంతి కావాలని ఎవరో మీకు చెప్పి ఉంటారు. నమ్మకండి. మైదానం కావాలని, బూట్లు కావాలని, తెల్లవారకముందే లేచి పరుగెత్తాలని కూడా చెబుతారు. అవన్నీ గతిలేనివాళ్ల కబుర్లు. ఫుట్‌బాల్‌కి కావలసింది ఒక్కటే. పులి!

పులి దొరక్కపోతే సింహం. అదీ కుదరకపోతే చిరుత. ఏదైనా సరే, పిల్లి జాతిలో పెద్దదై ఉండాలి. ఆటగాడి గుండెల మీద నోరు తెరుచుకుని ఉండాలి.

నేను ఆటల దుస్తుల వ్యాపారిని. ఇరవై రెండేళ్లుగా ఈ వీధి మూల కొట్టులో జెర్సీలు అమ్ముకుంటున్నాను. బట్టలవాడు బట్టల్ని పొగడక ఏం చేస్తాడని మీరనవచ్చు. అనండి. తన సరుకుని తానే నమ్మనివాడు పొద్దున్నే షట్టరు ఎందుకెత్తాలి?

మా పేట జట్టునే చూడండి. ఆరేళ్ల కిందట దానికి జంతువన్నదే లేదు. చొక్కాలు తలో రంగు. ఒకడిదానికి కాలరుంటే ఇంకొకడిదానికి జేబుండేది. ఆ అనాగరిక కాలంలో వాళ్లేం చేసేవారో తెలుసా? గెలిచేవారు! తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అదృష్టం బాగుండి కమిటీ ఏర్పడింది. టైల్స్ షాపు యజమాని ప్రెసిడెంటయ్యారు. రిటైరైన లెక్కల మాస్టారు కార్యదర్శి అయ్యారు. మిగతా అయిదుగురూ వీళ్లిద్దరి మాటకి తలలూపడానికి. తొలి సమావేశంలోనే జట్టుకి టైగర్స్ అని పేరు పెట్టేశారు. నారింజ రంగు, నల్ల చారలు, రొమ్ము నిండా పులి ముఖం. అందరికీ ఒకే అచ్చు వేశాను. ప్రెసిడెంటు గారి పొట్ట మీద అది సాగి ఆవులిస్తున్నట్టు, కుర్రాళ్ల డొక్కల మీద ముడుచుకుని దగ్గుతున్నట్టు కనబడింది. అది నా తప్పు కాదు. పులికేం తెలుసు ఎవరి మీద కూర్చుందో!

ఆ ఏడు ప్రతి ఆటా ఓడిపోయాం.

తెలివితక్కువ కమిటీ అయితే తప్పు ఆటలో ఉందేమోనని వెతికేది. మాది అలాంటిది కాదు. మాకు ఒక్కటే నియమం: ఓడితే జంతువుని మార్చు! పులి పోయి సింహం వచ్చింది. మళ్లీ ఓడాం. సింహం పడుకుని తింటుందనీ, వేట పనంతా ఆడసింహానిదేననీ మాస్టారు ఎక్కడో చదివి వచ్చారు. అంతే, సింహం ఉద్యోగం ఊడింది. ఆ తర్వాత చిరుత. ఆ తర్వాత చీతా. చీతా కాసేపు పరుగెత్తి ఆయాసంతో కూలబడుతుందట. మన కుర్రాళ్లు రెండో సగంలో ఎందుకు తేలిపోతున్నారో కమిటీకి అప్పుడు అర్థమైంది. తిండి చాలక కాదండీ. చీతా వల్ల!

ఇక రంగుల సంగతి. ఈ జాతి మొత్తానికీ సృష్టికర్త ఒకే డబ్బాలోని పసుపు పూశాడు. చుట్టుపక్కల పేటలవాళ్లందరూ మనలాగే నాగరికులై పిల్లుల్ని పట్టుకున్నారు. అందుకని కిందటేడు మా చీతాలూ, అవతలి పేట సింహాలూ ఒకే పసుపులో దిగారు. రంగు మార్చుకోండని రిఫరీ బతిమాలాడు.

"సింహం ఎక్కడైనా రంగు మార్చుకుంటుందటయ్యా?" అన్నాడు అవతలి ప్రెసిడెంటు.

"ఊసరవెల్లి అయితే మార్చుకుంటుంది. మాది చీతా," అన్నారు మా ప్రెసిడెంటు గారు.

సరే, అలాగే ఆడారు. మావాడు బంతిని వాళ్లవాడికిచ్చాడు, వాళ్లవాడు మావాడికిచ్చాడు. ఇంత సౌభ్రాతృత్వం మీరు ఏ ఆటలో చూశారు?

ఇంత సుభిక్షంలోనూ గోల పెట్టినవాడు ఒక్కడే. మా గోల్‌కీపరు. అందరూ గోడ అని పిలుస్తారు. పగలు గోదాములో మూటలు మోస్తాడు, సాయంత్రం గోల్ ముందు నిలబడతాడు. ఆ నిలబడేచోట వానలకు కోసుకుపోయి చీలమండ లోతు గుంట పడింది.

"ప్రెసిడెంటు గారూ, ఇరవై తట్టల మట్టి పోయించండి చాలు," అని అడిగాడు.

"మట్టా! నువ్వు పులివా, కూలివా?" అన్నారాయన. "నీ ధ్యాస కింద మట్టి మీద ఉంది కాబట్టే బంతి లోపలికి పోతోంది."

దాచిపెడితే బాగుండదు కాబట్టి చెబుతున్నాను. ఆ గోడ మా అక్క కొడుకు. మా అక్క నా కొట్టులోనే మిషను మీద జెర్సీలకు నంబర్లు కుడుతుంది.

ఈ ఏడు చివరి ఆటకి మిల్లు జట్టు కోచ్ వస్తున్నాడని కబురందింది. వాళ్లకి గోల్‌కీపరు కావాలి. జట్టులోకి తీసుకుంటే మిల్లులో ఉద్యోగం కూడా ఇస్తారు. ఇక మూటలు మోయక్కర్లేదు. మేనల్లుడు మళ్లీ కమిటీ ముందుకు వెళ్లాడు. పెద్దమనిషి వస్తున్నాడు, ఇప్పుడైనా ఆ గుంట సంగతి చూడండి అన్నాడు.

ఈసారి కమిటీ చూసింది! రెండు గంటలు ఆ గుంట మీదే చర్చించారు. గుంటలు బాగా దూకే జంతువేదని మాస్టారు ప్రశ్న లేవదీశారు. నల్ల చిరుత ఒక్క ఊపున ఇరవై అడుగులు దూకుతుందని ఆయనే జవాబు చెప్పారు. తీర్మానం ఏకగ్రీవం. జట్టుకి ఇరవై రెండు, కమిటీకి ఏడు నల్ల జెర్సీలు కావాలని నాకు ఆర్డరొచ్చింది. గుంటకి ఇంతకన్నా శాశ్వత పరిష్కారం మీరు చెప్పగలరా?

అక్క మాత్రం మిషను ఆపి నా వైపు చూసింది.

"ఏరా తమ్ముడూ, దూకాల్సింది నా కొడుకా, ఈ బొమ్మా?"

"మన పని కుట్టడమే అక్కా. కమిటీ విషయాలు మనకెందుకు?"

"మన కొట్టు ముందు గుంట పడితే పొద్దెక్కకుండానే పూడ్చేశావుగా. తట్ట పట్టుకుని నువ్వే దిగావు."

"అది వేరు. కొనడానికి వచ్చేవాళ్లు పడిపోతారని."

"మరి వీడు పడితే?"

నేను కొలత టేపు కోసం బల్లంతా వెతికాను. అది నా మెడలోనే ఉంది.

చివరి ఆట రొట్టెల ఫ్యాక్టరీ కార్మికులతో. వాళ్లకి జంతువు లేదు, పాపం. తెల్ల బనియన్లు, వాటి మీద బొగ్గుతో రాసుకున్న అంకెలు. మావాళ్లు మిట్టమధ్యాహ్నం ఎండలో నల్ల పాలిస్టరు వేసుకుని, బంతి తాకకముందే చెమటలు కక్కుతూ నిలబడ్డారు. ఎంత అందంగా ఉన్నారో!

మొదటి సగంలో గుంట ఉన్న వైపు రొట్టెలవాళ్లకొచ్చింది. వాళ్ల గోల్‌కీపరు దాన్ని చూశాడు. తీర్మానం చెయ్యలేదు. గోనె సంచుల్లో మన్ను నింపి తెచ్చి, గుంటలో పరిచి, పైన నాలుగుసార్లు తొక్కి చదును చేసుకున్నాడు. ఎంత మోటు మనిషో చూడండి! సగం ముగిసేసరికి ఎవరికీ గోల్ రాలేదు.

విరామంలో వైపులు మారాయి. మేనల్లుడు వచ్చి సంచుల మీద కాలుపెట్టి చూసుకుని, ఆ ఏడాదిలో మొదటిసారి నవ్వాడు. ఎదురుగా కుర్చీలో మిల్లు కోచ్. సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటు గారు ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చారు.

"ఈ గోనె సంచులేమిటి? నల్ల చిరుత పక్కన ఈ మట్టి రంగేమిటి? మ్యాచింగే లేదు. తీసెయ్యండి!"

"ఉండనివ్వండి సార్, దండం పెడతాను," అన్నాడు మేనల్లుడు.

"ఫొటోలో పడతాయయ్యా!"

తీసేశారు. ఫొటో బాగా వచ్చింది. కావాలంటే నా కొట్టుకొచ్చి చూడండి.

రెండో సగంలో వాడు మూడు బంతులు ఆపాడు. మూడోదానికి కోచ్ కుర్చీలోంచి లేచాడు కూడా. నాలుగో బంతి ఎడమ పక్కకొచ్చింది. వాడు దూకబోయాడు. కుడికాలు గుంటలో ఉండిపోయింది. ఆ చప్పుడు నేను నిలబడ్డ చోటికి కూడా వినిపించింది. గుండె మీద నల్ల చిరుత మాత్రం కోరలు బయటపెట్టి అలాగే చూస్తోంది. దానికి ఒక్క దారం కూడా ఊడలేదు. నా సరుకు అంత గట్టిది!

"చేతులు మంచివి. కానీ మాకు ఈ నెలలోనే మనిషి కావాలి," అని చెప్పి కోచ్ వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా రొట్టెలవాళ్ల గోల్‌కీపరు మిల్లులో చేరాడు.

మా కమిటీకి దయ లేదనుకునేరు. అందరూ కలిసి మా అక్క ఇంటికి పరామర్శకి వెళ్లారు. కాలికి పిండికట్టుతో పడుకున్న వాడికి సంతకాలు చేసిన జెర్సీ బహూకరించారు. తిరిగి వెళుతూ నా కొట్టు దగ్గర ఆగారు. నలుపు కలిసిరాలేదట. వచ్చే ఏడు మంచు చిరుత. బూడిద తెలుపు మీద నల్ల మచ్చలు. ముప్పై జెర్సీలకు ఆర్డరు కాయితం బల్ల మీద పెట్టి వెళ్లారు.

ఇప్పుడు చెప్పండి. మైదానం బాగుండి, ఆటగాళ్లకి పాలూ గుడ్లూ అంది, జట్టు గెలుస్తూ పోతే ఏమయ్యేది? జంతువు మారేదా? నా మిషను నడిచేదా? కాబట్టి పులులు వర్ధిల్లాలి! సింహాలు వర్ధిల్లాలి! ఇదే నా వాదన. దీనికి ఎదురు చెప్పగలవాళ్లు ఎవరూ లేరనే అనుకున్నాను.

అక్క ఆ కాయితం చూసింది. మిషను మీద గుడ్డ కప్పింది.

"తమ్ముడూ, పులీ సింహం చిరుతా అన్నీ పిల్లి జాతేనటగా?"

"అవునక్కా."

"మా పెరటి గోడ దూకి వచ్చే దొంగపిల్లికి కూడా, చేసిన పాడుపని మీద ఇంత మట్టి కప్పి పోవాలని తెలుసురా."

నేను టేపు కోసం వెతకలేదు. బల్ల కింద నుంచి తట్ట తీశాను.

ఇద్దరం మైదానానికి వెళ్లాం. వాడు అడిగిన ఇరవై కూడా పట్టలేదు. పదకొండో తట్టకే గుంట నిండిపోయింది.