రిబ్బన్ వెనకాల వెండి

కొత్త మెషిన్‌ను వాడకపోవడమే దానికి మనం చేసే అసలైన మర్యాద! నవ్వకండి. ప్రారంభోత్సవం ఆలస్యం కావడమంత అదృష్టం ఇంకోటి లేదని ఢంకా బజాయించి చెబుతాను. మా వీధి వాటర్ ట్యాంకునే చూడండి. ఇంకా ప్రారంభం కాలేదు కాబట్టి చుక్క నీరు లీకు కాదు.

కామారెడ్డిలో నేను పనిచేసే కాలేజీకి వెలుతురును కొలిచే మెషిన్ వచ్చింది. వచ్చిన రోజే గది తలుపుకు అడ్డంగా ఎర్ర రిబ్బన్ కట్టారు. అప్పటినుంచి ఒక్క రిపేరు రాలేదు, ఒక్క ఫ్యూజు పోలేదు. వాడే మెషిన్ దేనికైనా ఇంత మంచి పేరుందా?

కష్టమల్లా మహేశ్వరిది. ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చి రీసెర్చ్ చేసే అమ్మాయి. గాజుపలక మీద కంటికి ఆననంత సన్నటి వెండి రేణువులను నాట్లేసినట్టు వరుసల్లో పేర్చింది. వెలుతురు పడితే ఆ రేణువులన్నీ ఒక్కటై ఒక రంగును పట్టేసుకుంటాయట. వాటి మధ్య ఎడం మారితే రంగూ మారుతుందట. ఏ ఎడానికి ఏ రంగో తేలితేనే ఆమెకు పీహెచ్‌డీ. మన దగ్గరే మెషిన్ వచ్చిందన్న సంబరంలో హైదరాబాద్‌లో ఇలాంటి మెషిన్ మీద ఇచ్చిన స్లాటు వదులుకుంది.

"సార్, గాలి తగిలితే వెండి నల్లగైతది. జర ఒక్కసారి పెట్టి చూసుకుంట," అని ప్రిన్సిపాల్ భూపాల్ సారును బతిమాలింది.

"రిబ్బన్ కట్ కాకుండ స్విచ్ ఎట్లేస్తమమ్మా? మినిస్టర్ పెద్దసారు దసరాకు డేట్ ఇస్తనన్నరు. నల్లగైతే చింతపండు పెట్టి తోమరాదు?"

ఎంత చక్కటి సలహా! తోమితే వరుసలు పోతాయి గానీ పలక మాత్రం తళతళలాడుతుంది. ఆ పిల్లకు ఏడుపొక్కటే తక్కువ.

దసరాకు వస్తామన్న పెద్దసారు ఉగాది దాటాక వచ్చారు. మేమంతా వరుసగా వంగి కాళ్లు మొక్కాం. కత్తెర పడింది, చప్పట్లు మోగాయి. మెషిన్‌లో పలక పెట్టారు. రంగు పట్టగానే తెర మీద కొండలా లేవాల్సిన గీత చదునుగా పడుకుంది. వెండి ఎప్పుడో నల్లబడిపోయింది.

"ఏం రంగు కనవడాలె బిడ్డా?" అని పెద్దసారు ఆప్యాయంగా అడిగారు.

"దసరాకు వచ్చుంటే కనవడేది సార్."

చప్పట్లలో ఆ మాట పక్కనున్న నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. అదీ మన అదృష్టమే! మర్నాడు పేపర్లో ఫొటో వేసి, కింద 'వెలుతురు పరిశోధనకు శ్రీకారం' అని రాశారు. పరిశోధన పాడైపోయాక శ్రీకారం చుట్టిన ఘనత ఇంకే జిల్లాకుంది?

నాదొక్కటే చిన్న సందేహం. ఆ రిబ్బన్ నడుమెత్తున కట్టిన గుడ్డముక్క. పెద్దసారు కాళ్లదాకా వంగిన మా నడుములు, ఆ అమ్మాయి కోసం దాని కింద దూరడానికి ఎందుకు వంగలేదంటారు?